పోరుమామిళ్ల తటాకశాసనమును దశబంధ మాన్యములును

తెలుగు కవులు కృతిభర్తలను కీర్తించునపుడు సప్తసంతానములను పేర్కొనుట పరిపాటి. తనయుడు, తటాకము, దేవాలయము, వనము, నిధి, అగ్రహారము, కావ్యము అను ఈ యేడింటిలో ఏదియైనను మనుజుని పేరును అతని తదనంతరము నిలుపునని పెద్దల నమ్మకము. సాహిత్యము చదువుకొన్న మనకు కడపటిదానిపై మక్కువ సహజము. శాసనములను పరిశీలించునపుడును మన చూపు ఆ దారినే పోవుచుండును. బయ్యారము చెరువు శాసనము ఇందుకు మంచి యుదాహరణము. కాకతి గణపతిదేవుని సోదరి మైలమ ‘ధర్మకీర్తి సముద్రము’ అను చెరువును కట్టించి వేయించిన శాసనమది. కాకతీయుల వంశక్రమమును వెన్ననృపుని వరకు తెలుపుటచే చరిత్రకారులకు అది అమూల్యమైనది. ఆ వంశవృక్షమునుగూర్చి వ్రాసిన పుటలు చాల కలవు. ఆ శాసనము పుట్టుటకు కారణమైన చెరువునుగూర్చి వ్రాసినవి మిక్కిలి తక్కువ.

చెరువును కట్టించినవాని చరిత్ర యొకటి. కట్టిన చెరువు నూరేండ్లు, ఐదునూరేండ్లు నిలిచిన చరిత్ర మఱియొకటి. మొదటిది ప్రశస్తులలో సిద్ధముగ నున్నది. రెండవదానిని మాన్యముల లెక్కలలోను, కైఫీయతులలోను, జనశ్రుతిలోను వెదకవలసియున్నది. ఈ రెండవ చరిత్రయే వానలు చాలని సీమలకు ప్రధానమైనదని మా యభిప్రాయము. దానిని పోరుమామిళ్ల శాసనము నాధారముగ చేసికొని ఇచ్చట విచారింపనెంచితిమి.

ముందుగ సీమ స్వభావమును కొంత చెప్పవలెను. అనంతపురము ప్రాంతమున సాలుకు సగటున కురియు వాన 550 మిల్లీమీటర్లకు అటునిటుగ నుండును. కడప మండలమున అంతకంటె కొంత మెఱుగు. ఆ కురియుటయు ఏడాది పొడుగునను కాదు. నాలుగైదు గట్టివానలలో సింహభాగము పడిపోవును. వాగులు ఒక్క పూట పొంగి మఱునాటికి ఇసుక తేలును. బావి త్రవ్విన నీరు పడునని నమ్మకము లేదు. కాబట్టి ఆ నాలుగు వానలను పట్టి నిలుపుట తప్ప ఈ సీమవారికి వేఱు గతి లేకపోయెను. రెండు గుట్టల నడుమ మట్టికట్ట పోసి, లోపలివైపున రాతిపేర్పు చేర్చి, పొలమునకు తూమును, అధికజలము పోవుటకు అలుగును అమర్చిరి. అలుగు పారిన నీరు క్రింది యూరి చెరువు చేరును. అది నిండిన ఆ క్రిందిది. ఇట్టివానిని గొలుసుకట్టు చెరువులందురు. ఈ యేర్పాటున ఒక విశేషము కలదు. పైచెరువు తెగిన ఆ వెల్లువను క్రింది చెరువులు ఓర్వలేవు. ఎగువ యూరి కట్టలోని చిల్లి దిగువ యూరి పంటను తీసికొనిపోవును. కావున ఏ యూరివారును తమ చెరువు తమదే యని చెప్పుకొనుటకు వీలులేదు.

ఇక శాసనము. విజయనగర రాజగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, నామాంతరము భవదూరుడు, ఉదయగిరి నుండి ఏలుచు పోరుమామిళ్ల కడ అనంతరాజసాగరము అను చెరువును కట్టించెను. శాసనము శక 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది, భాష సంస్కృతము. అక్కడి భైరవాలయము ఎదుట రెండు రాతిపలకలపై చెక్కబడియుండెను. వి. ఎస్. సుక్తంకర్ దీనిని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటమున ప్రకటించెను. రాజవంశస్తుతి, దానఫలస్తుతి యెల్ల శాసనములలోను ఉండునవే. చెరువు కట్టువానికి కావలసిన సాధనములు పండ్రెండనియు, చెరువునకు రాగల దోషములు ఆఱనియు ఎంచి చెప్పుట ఈ శాసనమునకు ప్రత్యేకము. శిల్పి చేతిలోని విద్యను కవి ఇంత సూటిగ శాసనమునకెక్కించిన తావులు దక్షిణదేశమున అరుదు.

సాధనములలో మొదటిది ధర్మాత్ముడు, ధనవంతుడు, శాశ్వతకీర్తిని కోరువాడు అగు రాజు. రెండవది జలశాస్త్రము నెఱిగిన బ్రాహ్మణుడు. ఈ రెంటి తరువాత కవి నేలపైకి దిగుచున్నాడు. నేల గట్టి బంకమన్నుది కావలెను. మూడు యోజనముల దూరమునుండి తియ్యనీరు తెచ్చు ఏరు కావలెను. ఆ యేటిని తాకుచు కొండ యుండవలెను. ఆ కొండ సందున మిక్కిలి పొడవు కాని దృఢమైన రాతికట్ట రావలెను. కట్ట కొనలు రెండును పంటభూమికి ఎడముగ నుండవలెను. చెరువు గర్భము విశాలముగను లోతుగను ఉండవలెను. నిడుపైన చక్కని రాళ్లు దొరకు గని చేరువలో కావలెను. దిగువ పొలము సారవంతమై చదునుగ నుండవలెను. కొండ యునికినిబట్టి సుడి తిరుగుచు వడిగ సాగు నీటిదారి కావలెను. చివరిది, పండ్రెండవది, పనినేర్చిన జనసమూహము.

ఈ పట్టికను తెలివిగల అధికారి యొకడు నేడు వ్రాసినను ఇంతకంటె పెద్దగ మార్చుటకుండదు. ఏటి దూరమును మూడు యోజనములని మితపఱచుట గమనింపదగినది. అంతకంటె దూరమునుండి వచ్చు పెద్దయేటికి మట్టికట్ట అడ్డుపడజాలదనునది దీని తాత్పర్యమని మా యూహ. కట్ట “మిక్కిలి పొడవు కాకుండుట” అను నియమమును ఈ భావముతోనే కలిపి చదువవలెను. పోరుమామిళ్లలో కట్ట వరుసగనున్న గుట్టలను కలుపుచు సాగినది. ప్రకృతి కట్టిన గోడ ఎక్కువ, మనుష్యుడు కట్టినది తక్కువ.

దోషములు మఱింత లోతైనవి. కట్టనుండి నీరు ఊరిపోవుట మొదటిది. చవుటి నేల రెండవది. చెరువు రెండు రాజ్యముల పొలిమేరపై నుండుట మూడవది. చెరువు నడుమ తాబేటి వీపువలె మెట్ట యుండుట నాల్గవది. దీనికి శాసనము వాడిన మాటయే ‘కూర్మము’. నీరు స్వల్పమై పొలము విస్తారమగుట ఐదవది. పొలము స్వల్పమై నీరు విస్తారమగుట ఆఱవది. ఈ చివరి రెండింటిని విడదీసి రెండు దోషములుగ ఎంచుట మాకు ఎంతయు నచ్చినది. నీరు అధికమగుట కూడ దోషమే యనుకొనుటకు కరవుసీమలో ధైర్యము కావలెను. ఆయకట్టుకు మించిన నీటిని నిలిపినచో కట్ట బరువు పెరుగును, ఖర్చు పెరుగును, క్రింది చెరువులకు పోవలసిన నీరు ఎగువన ఎండకు ఆవిరియగును. గొలుసుకట్టు తెలిసినవాడే ఈ మాట చెప్పగలడు.

మూడవ దోషమునుగూర్చి కొంత విస్తరింతుము. ఇది శిల్పశాస్త్రపు మాట కాదు, రాజ్యతంత్రపు మాట. శాసనము వెలసిన రెండు దశాబ్దములలోనే దీనికి నిదర్శనమొకటి దొరకుచున్నది. క్రీ.శ. 1388లో పెనుగొండను ఏలుచున్న ప్రతాప బుక్కరాయలు పెన్ననీటిని పెనుగొండకు తేవలెనని సింగయభట్టును ఆజ్ఞాపించెను. సింగయభట్టు ‘జలసూత్ర’ విద్యయందు ప్రవీణుడు. అతడు కాలువను సిరువెర చెరువునకు చేర్చి దానికి ప్రతాపబుక్కరాయమండల కాలువ యని పేరిడెను. ఈ సంగతి తెలుపు శాసనము గౌరీబిదనూరు తాలూకాలోనిది, అనగా నేడు కర్ణాటకమునకు చేరినది. ఆనాడు ఒకే రాజు క్రింద నుండుటచే ఆ కాలువకు మూడవ దోషము తగులలేదు. పరగణాలు వేఱై, మైసూరు సంస్థానమొకటి, మద్రాసు రాజధాని యొకటియైన పిమ్మట అదే పెన్న, అదే చిత్రావతి తగవులకు మూలమయ్యెను. ఎగువనున్న మైసూరు దొరతనము క్రొత్త చెరువులు కట్టిన దిగువ చెరువులకు నీరందదని మద్రాసువారు మొఱపెట్టగా 1892లో ఉభయులకు ఒడంబడిక జరిగెను. 1369లో కవి ఒక్క సమాసములో చెప్పిన దోషమును తీర్చుటకు పత్రములు, అనుబంధములు, పట్టికలు కావలసివచ్చెను.

శాసనమున పనిలెక్కయు కలదు. దినమునకు వేయిమంది కూలీలు చెరువు కట్టపై పనిచేసిరి. రాళ్లు తోలుటకు నూఱు బండ్లు. పని ముగియుటకు రెండేండ్లు. కట్ట పొడవు 5000 రేఖాదండములు, వెడల్పు 8, ఎత్తు 7 అని కొలతలిచ్చిరి. ఆ వేయిమంది యెవరు? పండ్రెండవ సాధనముగ నెన్నబడిన పనివారి పేరొక్కటియు మనకు మిగులలేదు. ఈ సీమలో మట్టిపని, రాతిపని తరతరములుగ ఒడ్డెలది. చెరువు లేని ఊరు తక్కువ. ఒడ్డెవాని పేరున్న చెరువు శాసనము అంతకంటె తక్కువ.

శాసనము చెప్పనిది మఱియొకటి కలదు. అది పేర్లకంటెను ముఖ్యము. పండ్రెండు సాధనములలో, ఆఱు దోషములలో, చెరువును కట్టిన పిదప ఏటేట బాగుచేయుటను గూర్చి మాటయే లేదు. పూడికను దోషముగ నెంచలేదు. మట్టికట్ట యన్నది నిత్యము తగ్గుచుండు వస్తువు. వానకు గండ్లు పడును; ఎండ్రకాయలు, ఎలుకలు బొరియలు చేయును; కట్టమీద మొలచిన చెట్టు వేళ్లు నీటికి దారితీయును; వాగు తెచ్చిన ఒండ్రు ఏటికొక పొరగ గర్భమును పూడ్చును. అనంతరాజసాగరము కట్టి ఆఱున్నర శతాబ్దములు దాటినది. ఇన్నాళ్లు అది రాజు కీర్తిచేతనే నిలిచెననుకొనుట పొరపాటు.

ఈ లోటును పూరించునది దశబంధము. చెరువు త్రవ్వించినవానికి గాని, తెగినదానిని కట్టినవానికి గాని దాని ఆయకట్టులో కొంత భూమిని మాన్యముగ విడుచుట విజయనగరకాలపు రాయలసీమ శాసనములలో పలుమాఱు కానవచ్చుచున్నది. పేరునుబట్టి పదియవ పాలని చెప్పుదురు. వాడుకలో మాత్రము పాలెంతయైనను చెరువుపనికి ప్రతిఫలముగ నిచ్చిన మాన్యమునకెల్ల ఆ పేరే నిలిచినది. కన్నడసీమలో ఇట్టిదానికి ‘కట్టుకొడగె’ యని పేరు. ఇందలి మర్మమేమనగా, మాన్యమున్న పొలము ఆ చెరువు క్రిందిదే. చెరువు నిండిననే మాన్యము పండును. కట్టను ఉపేక్షించినవాడు మొదట తన కంచమునే పోగొట్టుకొనును. ప్రశస్తికర్త రాజును పుణ్యముతో కట్టిపెట్టెను. దశబంధము వ్రాసిన కరణము సామాన్యుని పంటతో కట్టిపెట్టెను. రెండవ కట్టే గట్టిదని చెప్పుటకు మేము సందేహింపము.

దశబంధదారు ఒక్కడే కాడు. తూము తెఱచి, మూసి, పొలములకు వంతులవారీగ నీరు పెట్టు నీరుకట్టువాడు ప్రతియూరను ఉండెను. తెలంగాణమున ఇతనినే నీరడి యందురు. కళ్లమున కుప్ప కొలుచునపుడు కమ్మరి, వడ్రంగి మొదలగు వారితోపాటు ఇతనికిని మేర తీసియిచ్చెడివారు. ఇక ఎండకాలమున చెరువు ఎండినపుడు రైతులు ఒండ్రుమట్టిని బండ్లతో పొలములకు తోలుకొనెడివారు. చెరువునకు పూడిక తగ్గును, చేనికి ఎరువగును. దీనికి శాసనము లేదు, మాన్యము లేదు, లాభమున్నది.

పెద్ద దేవాలయములును ఈ పనిలో పాల్గొనెను. తిరుమల తిరుపతి శాసనములను చూచినవారికి ఈ క్రమము పరిచితమే. దాత నైవేద్యమునకై భాండారమునకు పొన్ను నిచ్చును. భాండారము ఆ పొన్నును దేవుని గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు వినియోగించును. అందువలన పెరిగిన పంటనుండి దాత కోరిన నైవేద్యము ఏటేట జరుగును. పొన్ను ఖర్చై పోకుండ నీరై, నీరు ధాన్యమై, ధాన్యము ప్రసాదమై తిరుగుచుండెను. ఈ శాసనములను భక్తిచరిత్రకు మాత్రమే వాడుకొనుట వానికి అన్యాయము చేయుట. ఆముక్తమాల్యద రాజనీతిభాగమున కృష్ణదేవరాయలు చిన్న రాజ్యమునకైనను చెరువులు కాలువలు త్రవ్వించి పేదరైతుకు పన్ను సడలించిన అర్థధర్మములు రెండును వృద్ధియగునని ఉపదేశించుట ఈ అనుభవము నుండి పుట్టినదే.

మాన్యములు కట్టిపెట్టినను కట్టలు తెగుచునే యుండెను. తెగిన సంగతిని ఏ రాజును శాసనమున వ్రాయించడు. దానికి జనుల కథలే దిక్కు. పండమేరునకు అడ్డముగ కట్టిన అనంతపురపు చెరువు బుక్కరాయలకాలమున చిక్కప్ప ఒడెయరు కట్టించినదని సంప్రదాయము. దాని యొక కొనను బుక్కరాయసముద్రము కలదు. ఆ చెరువు తెగబోవునపుడు ఊరు కాపాడుటకై బసిరెడ్డి కోడలు ముసలమ్మ గండిలోనికి దిగి ప్రాణమర్పించెనను కథ బ్రౌను ప్రకటించిన అనంతపుర చరిత్రమున చేరినది. కట్టమంచి రామలింగారెడ్డి దానిని గ్రహించి ‘ముసలమ్మ మరణము’ రచించెను. ఆ కావ్యము ఆధునికాంధ్ర కవిత్వమునకు తొలిమెట్లలో ఒకటిగ మన తరగతులలో చదువబడుచున్నది. కరుణరసము, పాత్రపోషణము, ఆంగ్లకావ్యముల ప్రభావము, ఇవన్నియు చర్చకు వచ్చును. చెరువు మాత్రము రంగస్థలముగనే మిగులును.

మేమీ కథను చెరువు చరిత్రకు ఆకరముగ చదువుదుము. బలి జరిగెనా లేదా యని తేల్చుట మా పని కాదు. ఇట్టి కథలు ఒక్క అనంతపురమునకే పరిమితము కావు. తెలుగునాట చాల చెరువు కట్టలపై ఏదో యొక గ్రామదేవత గుడి, ఆమె పుట్టుకకు ఏదో యొక గండి కథ కలదు. వానలో ఊరెల్ల కట్టమీద నిలిచిన రాత్రి, మన్ను పోసినకొలది గండి పెరిగిన భయము వానిలో నిక్షిప్తమైయున్నది. పోరుమామిళ్ల కవి మొదటి దోషముగ ఎన్నిన ఊట ముదిరిన నేమగునో ఈ కథలు చెప్పుచున్నవి. బలియైనది రాజకుమార్తె కాదు, కాపుటింటి చిన్నకోడలు. చెరువు బరువు ఎవరిపై పడెనో కథకులకు తెలియును.

క్రీ.శ. 1800లో దత్తమండలములు కుంపిణీ వశమైన పిదప ఈ యేర్పాటు సడలెను. 1807 వరకు ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగ నుండిన తామస్ మన్రో క్రొత్త చెరువులకు తావు వెదకుట వృథాయని వ్రాసెను. అనువైన చోట్లనెల్ల పూర్వులే కట్టివేసిరని ఆయన గ్రహించెను. పాలకుని నోట వచ్చిన ఈ మాట పూర్వుల నైపుణ్యమునకు ఏ ప్రశస్తికిని తీసిపోదు. ఐనను రైత్వారీ పద్ధతిలో ప్రభుత్వము ప్రతి రైతుతోను వేఱువేఱుగ లెక్క చూచుకొనెను; ఊరుమ్మడిగ చేయవలసిన పనికి ఆ లెక్కలో గడి లేదు. 1858లో ఇనాము కమీషను ఏర్పడెను. దశబంధము సేవామాన్యమనియు, చెరువును బాగుచేయనివాని మాన్యమును తిరిగి తీసికొనవచ్చుననియు రెవిన్యూ నిబంధనలలో నుండెను. కాని మాన్యము వారసుల చేతులలో చీలికలగుచు పోయినకొలది, కట్ట బాధ్యత ఎవనిదో తేల్చుట దుర్ఘటమయ్యెను. అదే 1858లో మద్రాసు ప్రభుత్వము నిర్బంధశ్రమ చట్టము చేసెను. కట్ట తెగబోవు ఆపదలో గ్రామస్థులచే పని చేయించుటకును, ఆచారము ప్రకారము చేయవలసిన మరామతు చేయనివారినుండి సొమ్ము రాబట్టుటకును అది అధికారమిచ్చెను. పూర్వపు యేర్పాటులో ప్రతిఫలము, బాధ్యత జంటగ నుండెను. చట్టము రెండవదానిని మాత్రము చేపట్టినది.

1876-78 నాటి గొప్ప కరవు బళ్లారి, కర్నూలు, కడప మండలములను ఊచముట్టుగ తుడిచిపెట్టెను. చెరువుల దుస్థితి అపుడు అందఱకును కన్నులకు కట్టెను. 1883లో మద్రాసు ప్రభుత్వము తటాకపునరుద్ధరణ పథకమును ప్రారంభించెను. దాని క్రింద చెరువుల వైశాల్యము, కట్ట కొలతలు, అలుగు మట్టము కొలిచి గ్రంథస్థము చేసిరి. ఆ కొలతలు పరిశోధకునకు నేటికిని పనికివచ్చునవే. కొలిచినవారు కట్టల కొలతలను వ్రాసినంత శ్రద్ధగ నీరుకట్టువాని మేరను వ్రాసియుండిన మనకు ఇంకను మేలగును.

తరువాతి కథ వేగముగ నడచినది. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున విద్యుత్తు, గొట్టపుబావి వచ్చి ఎవరి నీరు వారి చేనిలోనే దొరకునట్లు తోచెను. చెరువు గర్భము దున్నుకొనుటకు, ఇండ్లు వేసికొనుటకు భూమిగ కనబడసాగెను. బావిలోని ఊట చెరువు నిండుటపై నాధారపడియున్నదని బావులెండిన తరువాత తెలిసెను. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చట్టము ద్వారా నీటి వినియోగదారుల సంఘముల నేర్పఱచెను. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర 46 వేలకు పైబడిన చెరువులను దశలవారీగ బాగుచేయ సంకల్పించెను. పూడిక తీసి ఒండ్రును రైతుల పొలములకు చేర్చుట అందొక భాగము. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ పోరుమామిళ్ల చెరువును, కంభము చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములుగ గుర్తించెను. ఈ గౌరవము తగినదే. అయితే ఇదియు కట్టడమునకు జరిగిన గౌరవము. కాపాడిన పద్ధతికి కాదు.

ఆ పద్ధతిని తెలిసికొనుటకు కావలసిన సామగ్రి పెక్కు తెలుగులోనే కలదు. మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులలో ఊరూరి చెరువులు, కాలువలు, వాని మాన్యములు పేరుపేరున కలవు. కావలి సోదరులు మొదలగువారు తిరిగి కూర్చిన ఈ గ్రంథములను రాజుల చరిత్రకై చదివినవారు పలువురు. చెరువులకై వరుసగ చదివినవారు కొలదిమంది. కడప మండలపు కైఫీయతులనుండి దశబంధముల పట్టిక తయారుచేసి, దానిని అదే మండలపు శాసనములతో సరిచూచుట ఒక పరిశోధకుని రెండు మూడేండ్ల పని. దానితోపాటు మాటలను కూడ ఏఱుకొనవలెను. ఒకచోట అలుగన్నది మఱియొకచోట మత్తడి, ఇంకొకచోట కలుజు. తూమునకు, గండికి, కట్ట లోపలి రాతిపేర్పునకు సీమకొక పేరు. ఈ మాటలు తెలిసిన నీరుకట్టువారు కొందఱు ఇంకను ఉన్నారు. వారికి మేర లేదు; పలుచోట్ల తూము తలుపును తెఱచు పనియు లేదు.